అనంతపురం స్విచ్‌కు అనంతపురం హద్దులే పెట్టాలి

సబ్‌స్టేషన్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గుండ్రటి డయల్ ఒకటి ఉంటుంది. లోపలి ఆయిల్ ఎంత వేడెక్కిందో చూపించే మీటరు అది. దానికి ముందే రెండు హద్దులు పెట్టి ఉంచుతారు. సాధారణంగా 85 డిగ్రీల దగ్గర అలారం మోగుతుంది, 95 దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అవుతుంది. ఆ పది డిగ్రీల ఎడం ఊరికే వదిలింది కాదు. షిఫ్ట్ ఆపరేటర్ లోడు తగ్గించడానికి, ఒక ఫీడర్‌ను పక్కకు తప్పించడానికి, ఏఈకి ఫోన్ చేయడానికి దొరికే వ్యవధి అది. ఆ వ్యవధే లేకపోతే అలారం ఉన్నా ఎవరికీ ఉపయోగం లేదు.

ఇప్పుడు అలాంటి సబ్‌స్టేషన్ల కంట్రోల్ రూముల్లో ఇంకో ర్యాక్ కూడా చేరింది. ఏపీ ఫైబర్‌నెట్ పథకంలో నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. తొలిదశలోనే అది 20 వేల కిలోమీటర్లు దాటింది. రెండు వేలకు పైగా సబ్‌స్టేషన్లను ఆ తీగలు కలిసే కూడళ్లుగా మార్చారు. 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ఊళ్ల నుంచి వచ్చే ఫైబర్లన్నీ ఆ ర్యాక్‌లోని నెట్‌వర్క్ స్విచ్‌లలో కలుస్తాయి. అదే గదిలో ట్రాన్స్‌ఫార్మర్ రీడింగులను ఆపరేటర్ గంటగంటకూ లాగ్‌షీట్‌లో రాస్తాడు. పక్కనున్న స్విచ్ ఎంత వేడిగా ఉంది, దాని మీద ఎంత భారం పడుతోంది, ఫైబర్‌లో వెలుగు ఎంత వస్తోంది అన్నది రాసే కాలమ్ ఆ లాగ్‌షీట్‌లో లేదు. స్విచ్‌కు మాత్రం ఆ లెక్కలన్నీ తెలుసు. ఏ అంకె దగ్గర ఎవరికి చెప్పాలో దానికి నేర్పితే చాలు, అది చెప్తుంది. ఆ నేర్పడం ఎక్కడ జరగాలి, ఎవరి చేతుల మీదుగా జరగాలి అన్నదే ఇక్కడి విషయం.

దీన్ని కంప్యూటర్ గదికి సంబంధించిన చిన్న సంగతి అనుకోవడానికి వీల్లేదు. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఆదాయ ధ్రువపత్రం నుంచి అడంగల్ నకలు దాకా అన్నీ తెర మీదకే వచ్చాయి. రైతు పంట వేసినట్టు ఈ-క్రాప్‌లో నమోదైతేనే బీమా, నష్టపరిహారం. నమోదు గడువు ముగిసే రోజున లింకు పడిపోతే కూలి మానుకుని వచ్చిన మనిషి మళ్లీ రేపు రావాలి, రేపటికి గడువు ఉంటేనే. మండల కేంద్రంలో బ్యాంకు, కాలేజీలో పరీక్ష, ఆసుపత్రిలో ల్యాబ్ రిపోర్టు, అన్నీ ఇదే దారిలో నడుస్తున్నాయి. 2022 ఏప్రిల్ 4న పాత అనంతపురం జిల్లా రెండుగా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. కానీ 63 మండలాల ఆ మెట్టభూమిలో దూరాలు మాత్రం తగ్గలేదు. మడకశిర వైపు ఒక లింకు ఆగితే బాగుచేసే మనిషి అక్కడికి చేరేసరికే సగం పూట గడిచిపోతుంది. దూరాలు ఇంత ఉన్న చోట ముందుగా తెలియడానికి మిగతా చోట్ల కన్నా విలువ ఎక్కువ.

స్విచ్ తనంతట తాను హద్దు చూసుకుని కబురు పంపే పద్ధతి కొత్తదేమీ కాదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పనిచేసిన స్టీవ్ వాల్డ్‌బసర్ రాసిన రిమోట్ మానిటరింగ్ ప్రమాణం 1991 నవంబర్‌లో వచ్చింది. ఇంజినీర్లు దాన్ని ఆర్‌మాన్ అంటారు. 2000 మే నెలలో సవరించిన రూపమే ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో ఒక అలారం పెట్టాలంటే చెప్పాల్సినవి కొన్నే. ఏ లెక్కను చూడాలి, ఎన్ని సెకన్లకోసారి చూడాలి, ఆ క్షణంలో ఉన్న అంకెనే చూడాలా లేక పోయినసారికి ఈసారికి మధ్య తేడాను చూడాలా, పైహద్దు ఎంత, కిందిహద్దు ఎంత, దాటితే ఏం చేయాలి.

ఒక మండల కార్యాలయానికి సెకనుకు 100 మెగాబిట్ల లింకు ఉందనుకుంటే లెక్క ఇలా సాగుతుంది. లింకు 80 శాతం నిండితే చెప్పమని అడగాలి. 60 సెకన్లకోసారి చూడాలి. సెకనుకు 80 మెగాబిట్లంటే కోటి బైట్లు, నిమిషానికి 60 కోట్ల బైట్లు. పైహద్దుగా ఆ 60 కోట్లు రాస్తారు. తిరిగి 50 శాతానికి దిగినప్పుడే పరిస్థితి కుదుటపడినట్టు అనుకుంటే కిందిహద్దు 37 కోట్ల 50 లక్షలు. పోర్టులో బైట్లు లెక్కించే మీటరు ఎప్పటికీ పెరుగుతూనే పోతుంది కాబట్టి తేడానే చూడమనాలి. ఉన్న అంకెను చూడమంటే మొదటి రోజే హద్దు దాటి, ఆ తర్వాత అర్థం లేని కూతలు కూస్తుంది. గిగాబిట్ పోర్టయితే ఇంకో చిక్కు ఉంది. పాతకాలపు 32 బిట్ల మీటరు, లింకు నిండా నడుస్తుంటే 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. అలాంటప్పుడు నిమిషానికోసారి చూస్తే వచ్చే లెక్క తప్పు. 64 బిట్ల మీటరును చదివించాలి, లేదా పది సెకన్లకోసారి చూడాలి. ఇది తెలిసిన కుర్రవాడు పోర్టుకు రెండు నిమిషాల్లో పెట్టేస్తాడు. తెలియనివాడు పెట్టిన అలారం అయితే మోగుతూనే ఉంటుంది, లేదంటే అసలు మోగదు.

హద్దులు రెండెందుకన్నది మొదటిసారి చూసేవారికి వింతగానే ఉంటుంది. 80 శాతం ఒక్కటే హద్దుగా పెట్టి, లింకు 79కీ 81కీ మధ్య ఊగుతుంటే నిమిషానికో సందేశం వస్తుంది. అందుకే ఆర్‌మాన్‌లో పైహద్దు ఒకసారి దాటాక, కిందిహద్దు దాకా దిగేవరకు రెండో కబురు ఉండదు. మధ్యాహ్నం 12కు దాటింది, సాయంత్రం 4కు దిగింది అన్న రెండే మాటలు చేతికొస్తాయి. వాటి మధ్య ఉన్న నాలుగు గంటలే అసలు సమాచారం.

అలారాలు ఎక్కువైతే ఏమవుతుందో బ్రిటన్‌లో ఒక ప్రమాదం చూపించింది. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర టెక్సాకో చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగింది. 26 మంది గాయపడ్డారు. పేలుడుకు ముందు దాదాపు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయని అక్కడి భద్రతా సంస్థ విచారణలో తేలింది. రెండున్నర సెకన్లకు ఒకటి. అందులో అసలు సంగతి చెప్పేది ఏదో పోల్చుకోవడం మనిషి తరం కాదు. మన ఆఫీసుల్లోనూ ఇదే చిన్నస్థాయిలో జరుగుతుంది. ప్రతి కంప్యూటర్ ఆఫ్ చేసినప్పుడల్లా ‘పోర్టు డౌన్’ అని సందేశం పంపే స్విచ్‌ను ఎవరూ వారం రోజులకు మించి నమ్మరు. ఆ సందేశాలు వెళ్లే మెయిల్ పెట్టెను తెరవడం మానేస్తారు. కాబట్టి అలారం ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంతో పాటు ఎక్కడ పెట్టకూడదన్నదీ తేల్చాలి. టేబుల్ మీది కంప్యూటర్ పోర్టుకు అక్కర్లేదు. సబ్‌స్టేషన్‌కు వెళ్లే అప్‌లింక్‌కు తప్పనిసరి.

ఇక అసలు కష్టమంతా ఏ అంకె పెట్టాలన్న దగ్గర ఉంది. ఇక్కడ అనంతపురానికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. హద్దు తప్పుగా పెడితే ఏం జరుగుతుందో ఈ జిల్లా దశాబ్దాలుగా చూస్తోంది.

జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వాతావరణ శాఖ లెక్కలో మామూలు కన్నా 19 శాతం దాకా తక్కువ పడినా అది ‘సాధారణం’ కిందికే వస్తుంది. 20 నుంచి 59 శాతం తక్కువైతే ‘లోటు’, 60 దాటితే ‘తీవ్ర లోటు’. దేశమంతటికీ ఒకే కొలత. కానీ చెనక్కాయ పైరుకు సీజను మొత్తం మీద ఎంత పడిందన్నది ఒక్కటే లెక్క కాదు. ఊడలు దిగే వేళ, కాయ ఊరే వేళ మూడు వారాలు చినుకు లేకపోతే, ఆ తర్వాత సెప్టెంబర్‌లో కుండపోతగా కురిసి సగటు సరిపోయినా చేతికి వచ్చేది కట్టె మాత్రమే. కాగితం మీద మండలం సాధారణం, పొలంలో కరువు. ఈ అన్యాయం మీద రాయలసీమ రైతు సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. 2016లో కేంద్రం సవరించిన కరువు మాన్యువల్ వర్షపాతపు తేడాతో పాటు వానల మధ్య వచ్చే ఎడాన్ని కూడా తొలి సూచికగానే లెక్కలోకి తీసుకోమంది. మొత్తం ఎంత అన్న ప్రశ్నకు ఎప్పుడు ఆగిపోయింది అన్న ప్రశ్న తోడైతే గానీ హద్దుకు అర్థం రాదు.

స్విచ్ విషయంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. అయిదు నిమిషాల సగటు చూస్తే లింకు 30 శాతమే వాడుకలో ఉందని గ్రాఫు చెప్తుంది. అదే అయిదు నిమిషాల్లో పది సెకన్లపాటు అందరూ ఒక్కసారిగా ఫైళ్లు ఎక్కిస్తే పోర్టు నిండిపోయి, స్విచ్ తన దగ్గర దాచుకునే చోటు చాలక ప్యాకెట్లను పారేస్తుంది. ఆ పది సెకన్లలో వేలిముద్ర సరిపోల్చే అభ్యర్థన వెళ్లినవాడికి ‘మళ్లీ ప్రయత్నించండి’ అని వస్తుంది. సగటు మాత్రం చల్లగా ఉంటుంది. అందుకే వాడకపు శాతం మీద ఒక్క అలారం పెట్టి ఊరుకోకూడదు. పారేసిన ప్యాకెట్ల లెక్క అని ప్రతి పోర్టుకూ వేరే మీటరు ఉంటుంది, దాని మీద అలారం పెట్టాలి. తప్పులతో వచ్చిన ఫ్రేముల లెక్క మీద పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న ఫైబర్ లింకులో ఈ తప్పులు దాదాపు సున్నా. నిమిషానికి పది వచ్చినా ఎక్కడో కనెక్టర్‌లో దుమ్ము చేరిందనో, జాయింట్ వదులైందనో అర్థం.

దుమ్ము సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి వెలుగు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఫైబర్ కొనలో దోపే చిన్న మాడ్యూల్ తనకు అందుతున్న వెలుగును తానే కొలుస్తుంది. దానిలో నాలుగు హద్దులను తయారీదారే రాసి పంపుతాడు. ఎక్కువైతే హెచ్చరిక, మరీ ఎక్కువైతే అలారం, తక్కువైతే హెచ్చరిక, మరీ తక్కువైతే అలారం. ఇవి మాడ్యూల్ బతికే హద్దులు తప్ప ఆ ఊరి లింకు హద్దులు కావు. ఉదాహరణకు ఒక లింకు పెట్టిన రోజున అందుతున్న వెలుగు, దాన్ని కొలిచే డీబీఎం లెక్కలో మైనస్ 11 అనుకోవాలి. స్తంభం ఒరిగి తీగ వంగింది, ఉడతలు కొరికాయి, జాయింట్ పెట్టెలో నీరు దిగింది. మెల్లగా అది మైనస్ 14కు పడింది. మూడు డీబీ పోయిందంటే సగం వెలుగు పోయినట్టే. మైనస్ 17 అయితే నాలుగో వంతే మిగిలింది. పది కిలోమీటర్లకు తయారైన మామూలు గిగాబిట్ మాడ్యూల్ మైనస్ 19 దాకా నెట్టుకొస్తుంది కాబట్టి అప్పటికీ లింకు పనిచేస్తూనే ఉంటుంది, ఫ్యాక్టరీ అలారం నోరు మెదపదు. తర్వాత ఒక గాలివానకు పూర్తిగా పోతుంది. అప్పుడు అందరూ గాలివానను తిడతారు.

పెట్టిన రోజున ఉన్న అంకె ఎవరైనా రాసుకుని, దానికి మూడు డీబీ కింద హద్దు పెట్టి ఉంటే నెల ముందే తెలిసేది. నిచ్చెన వేసుకుని పగటిపూట తీరిగ్గా వెళ్లి జాయింట్ మార్చి వచ్చేవారు. కరెంటు స్తంభాల మీద వేలాడే ఫైబర్‌కు ఇది మరీ ముఖ్యం. నేలలో పూడ్చిన తీగ తెగితే ఒక్కసారిగా తెగుతుంది. గాలిలో వేలాడే తీగకు నీరసం మెల్లగా వస్తుంది. ఆ నీరసాన్ని పట్టే అలారం స్విచ్‌లోనే ఉండగా వాడకపోవడం క్షమించదగ్గ విషయం కాదు.

వేడి గురించి ఈ జిల్లాలో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు ఇక్కడ వార్త కాదు. ఆఫీసుల్లో వాడే మామూలు స్విచ్‌లను 40 నుంచి 45 డిగ్రీల గది వేడి వరకే తయారుచేస్తారు. 75 డిగ్రీల దాకా తట్టుకునే పారిశ్రామిక రకాలు ఉన్నాయి, ధర ఎక్కువ. రేకుల కప్పు కింద, తలుపు వేసిన గదిలో, ఫ్యాను జాలికి ఎర్రమట్టి దుమ్ము పట్టిన స్విచ్ లోపల వేడి బయటి వేడి కన్నా ఎంతో ఎక్కువ. ఫ్యాక్టరీ పెట్టిన వేడి హద్దు సాధారణంగా యంత్రం చెడిపోయే స్థాయికి దగ్గరగా ఉంటుంది. స్థానికంగా పెట్టే హద్దు దానికి పదిహేను డిగ్రీలు కిందే ఉండాలి. అప్పుడు ఒకరు వెళ్లి జాలి దులిపితే సరిపోతుంది.

బ్యాటరీల కథ ఇంకా కష్టం. సీసపు బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆ మీద ప్రతి పది డిగ్రీలకూ అది దాదాపు సగానికి పడిపోతుందని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క. పదేళ్లని చెప్పిన బ్యాటరీ 35 డిగ్రీల గదిలో అయిదేళ్లకే నీరసిస్తుంది. కరెంటు పోయినప్పుడు గానీ ఆ నీరసం బయటపడదు. 48 వోల్టుల బ్యాటరీ వరుస నిండుగా ఉన్నప్పుడు 54 వోల్టుల దగ్గర ఉంటుంది. 43 దగ్గరకు దిగితే పరికరాలను ఆపేస్తారు. కరెంటు పోగానే ఒక కబురు, 47 వోల్టులకు దిగగానే ఇంకో కబురు పెడితే జనరేటర్ తీసుకెళ్లడానికి కొంత సమయం దొరుకుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. కరెంటు పోయిన కబురుకూ 47 కబురుకూ మధ్య సమయం నెలనెలా తగ్గుతూ వస్తుంటే, ఏ పరీక్షా చేయకుండానే ఆ బ్యాటరీ రోజులు దగ్గరపడ్డాయని తెలుస్తుంది. ఊళ్లో ఉండే ఫైబర్ పెట్టెలకైతే కరెంటు పోయే క్షణంలో మిగిలిన కాస్త శక్తితో ఆఖరి సందేశం పంపే ఏర్పాటు ఉంటుంది. అది వస్తే కరెంటు పోయింది, అది రాకుండా లింకు పోతే తీగ తెగింది. ఈ ఒక్క తేడా తెలిస్తే లైన్‌మన్‌ను పంపాలా, ఫైబర్ జాయింటర్‌ను పంపాలా అన్నది ఆఫీసులో కూర్చునే తేల్చేయవచ్చు.

పెరుగుతూ పోయే నెట్‌వర్క్‌లో ఎవరూ చూడని హద్దు ఒకటి దాటితే ఏమవుతుందో అమెరికాలోని బోస్టన్ నగరం చూసింది. అక్కడి బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో 2002 నవంబర్ 13న నెట్‌వర్క్ కుప్పకూలింది. నాలుగు రోజులపాటు డాక్టర్లు మందుల చీటీలు చేత్తో రాశారు, ల్యాబ్ రిపోర్టులను మనుషులు మోసుకెళ్లారు. స్విచ్‌ల వరుస ఏడుకు మించకూడదన్నది ఆనాటి ప్రమాణం ఇచ్చిన సలహా. భవనాలు చేరుతూ, విభాగాలు కలుస్తూ పోయి ఆ వరుస ఏడు దాటింది. దాటిన రోజున ఎవరికీ తెలియలేదు. ఆసుపత్రి దాచిపెట్టకుండా జరిగిందంతా బయటికి చెప్పింది కాబట్టే మిగతావాళ్లు నేర్చుకోగలిగారు. గొలుసులా ఒక స్విచ్‌కు ఇంకోటి తగిలిస్తూ పెరుగుతున్న మన కాలేజీలు, ఆసుపత్రులు ఆ వివరాలను చదవాలి.

ఇంతా చేసి అలారం మోగిందనుకుందాం. ఎవరికి మోగాలి?

రాష్ట్రస్థాయి నెట్‌వర్క్‌కు ఒక కేంద్రం ఉండటం అవసరమే. వేల స్విచ్‌లను ఒకచోట నుంచి చూడగలగడం గొప్ప సౌకర్యం. కానీ ఎక్కడో తెర ముందు కూర్చున్న మనిషికి ఉరవకొండ దగ్గర ఒక గదిలో 58 డిగ్రీలన్న అంకె వేల అంకెల్లో ఒకటి. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు అది పక్క గది. తలుపు తీసి ఫ్యాను చూడటానికి అతనికి నిమిషం పట్టదు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌కు తన స్విచ్ పంపే సందేశం తన ఫోన్‌కే వస్తే ఫిర్యాదు ఎవరికి చేయాలో వెతుక్కోనక్కర్లేదు. అంకె పుట్టిన చోటే దాన్ని చదివే మనిషి ఉండాలన్నది ఈ వ్యాసం మొత్తానికి కీలకమైన వాదన. దానికి రుజువు కూడా ఈ నేల మీదే ఉంది.

2000 దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం ఒకటి నడిచింది. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సాయం, స్థానిక స్వచ్ఛంద సంస్థల శ్రమ. దాని పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ఊరి మనిషి రోజూ వానమాపకం చూసి రాసేవాడు. పదిహేను రోజులకోసారి గుర్తించిన బోర్లలో టేపు దించేవారు. నీటికి తగలగానే టేపు చుట్ట దగ్గర బీప్ మని శబ్దం వస్తుంది, అప్పుడు టేపు మీది మీటర్ల గుర్తు చదువుతారు. మోటారు ఎంత పోస్తోందో తెలియడానికి డ్రమ్ము కింద పెట్టి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూసేవారు. ఆ అంకెలన్నీ ఊరి గోడ మీది బోర్డుకు ఎక్కేవి. ఖరీఫ్ వానలు అయ్యాక, రబీ విత్తనానికి ముందు అందరూ కూర్చుని నేలలో ఎంత నీరుంది, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క వేసేవారు. వరి ఎంత వేయాలో, ఆరుతడి పంట ఎంత వేయాలో ఎవరికి వారు తేల్చుకునేవారు.

ఆ పథకం ఎవరికీ జరిమానా వేయలేదు, ఎవరికీ సబ్సిడీ ఇవ్వలేదు. 2010లో ప్రపంచ బ్యాంకు భారత భూగర్భజలాల మీద వెలువరించిన నివేదికలో దీన్ని ప్రత్యేకంగా చర్చించింది. మరోవైపు 2002లోనే రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది. నీటిని మితిమీరి తోడేసిన గ్రామాలను గుర్తించి అక్కడ కొత్త బోర్లను కట్టడి చేసే అధికారం దానికి ఉంది. అయినా బోర్లు ఆగలేదు. పైనుంచి వచ్చిన హద్దును దాటడానికి దారులు వెతికిన రైతే, తాను టేపు దించి చదివిన అంకె ముందు ఆగి ఆలోచించాడు. బోరు గ్యాప్ ఇస్తున్నప్పుడు కాదు, అంతకు నాలుగు నెలల ముందే పంట మార్చుకున్నాడు. ఇప్పుడు రాష్ట్రంలో వెయ్యికి పైగా పీజోమీటర్లు నీటిమట్టాన్ని వాటంతట అవే కొలిచి పంపుతున్నాయి. అది మంచి పని. ఆ అంకె ఊరి గోడ మీదికి కూడా రావాలి.

కబురు చేరడంలోనే ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది ఇంజినీర్లు కూడా ఆలస్యంగా గమనిస్తారు. లింకు తెగబోతోందన్న కబురు ఆ లింకు మీదుగానే వెళ్లాలి. స్విచ్ తనంతట తాను పంపే పాతకాలపు ‘ట్రాప్’ సందేశానికి చేరిందన్న రసీదు కూడా ఉండదు, దారిలో పోతే పోయినట్టే. రసీదు అడిగే రకం సందేశం ఉంది, దాన్ని వాడాలి. మండల కూడలి స్విచ్ పక్కన ఒక 4జీ సిమ్‌తో చిన్న మోడెమ్ పెట్టి ముఖ్యమైన నాలుగైదు అలారాలను ఆ దారిలో పంపాలి. అలారం వ్యవస్థే మూగబోతే దాన్ని కనిపెట్టే ఏర్పాటు కూడా కావాలి. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఫస్ట్ ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలకు అలారం సాఫ్ట్‌వేర్ స్తంభించిపోయింది. అది ఆగిందన్న సంగతే ఆపరేటర్లకు తెలియదు. తెర ప్రశాంతంగా ఉంది కాబట్టి గ్రిడ్ కూడా ప్రశాంతంగా ఉందనుకున్నారు. 4 గంటలు దాటిన కాసేపటికి అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. రోజుకోసారి ‘ఉన్నాను’ అని స్విచ్ ఒక సందేశం పంపాలి. అది రాకపోవడాన్ని కూడా అలారంగానే లెక్కగట్టాలి.

స్థానికుల చేతికి ఈ అంకెలు ఇస్తే భద్రత ఏమవుతుందని అడిగేవారుంటారు. అడగాల్సిన ప్రశ్నే. పాత పద్ధతిలో స్విచ్ లెక్కలు చదవడానికి కావాల్సిన సంకేతపదం తీగ మీద తెరిచిన ఉత్తరంలా వెళ్తుంది, ఎన్నో చోట్ల అది ఫ్యాక్టరీ పెట్టిన ‘పబ్లిక్’ అన్న మాటే. స్విచ్ లెక్కలు చదివే ఆ పద్ధతి పేరు ఎస్‌ఎన్‌ఎంపీ. దాని మూడో తరంలో గుప్తీకరణ ఉంది, దాన్నే వాడాలి. ఆపరేటర్‌కు చదివే హక్కు ఇస్తే చాలు, మార్చే హక్కు అక్కర్లేదు. ఖర్చు విషయానికి వస్తే నిర్వహణ సౌకర్యం ఉన్న స్విచ్‌లలో ఈ ఏర్పాటు కొన్న రోజు నుంచే ఉంటుంది. కొత్తగా కావాల్సింది సిమ్, మోడెమ్, మనిషి సమయం. సచివాలయాల స్థాయి కార్యాలయాల్లో చాలాచోట్ల తక్కువ ధరకు వచ్చే, ఏ లెక్కా చెప్పని స్విచ్‌లు కొనే అలవాటు ఉంది. తర్వాతి టెండరులో ఆ రకాన్ని తీసేయాలి.

మనుషుల కొరత కూడా పెద్ద సాకు కాదు. అనంతపురంలో జేఎన్‌టీయూ ఉంది. 1946లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీయే దానికి మూలం. జిల్లా నిండా పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. చివరి సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టు పేరుతో ఎక్కడి నుంచో తెచ్చిన కోడ్‌ను బైండు చేయించి ఇచ్చే బదులు, ఇద్దరికి ఒక మండలం చొప్పున అప్పగించవచ్చు. ప్రతి అప్‌లింక్‌లో వెలుగు ఎంత, ఏ గంటలో భారం ఎంత, గదిలో వేడి ఎంత, కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు నిలిచింది అన్నది వారు రాస్తారు. సంబంధిత శాఖ ఇంజినీరు ఆ రికార్డు చూసి హద్దులు ఖరారు చేస్తాడు. వేసవికి ఒక వరుస అంకెలు, వానాకాలానికి ఇంకో వరుస. హద్దు దాటితే ఎవరు ఏం చేయాలో తెలుగులో ఒక పేజీ రాసి ర్యాక్ తలుపుకు అంటించాలి. ట్రాన్స్‌ఫార్మర్ లాగ్‌షీట్‌లో స్విచ్ వేడికి, బ్యాటరీ వోల్టేజికి ఒక్కో కాలమ్ చేర్చాలి.

మార్చి మొదటి వారంలో రాయడం మొదలుపెడితే మే నెలాఖరుకు మూడు ఎండ నెలల రికార్డు చేతికొస్తుంది. జూన్‌లో అంకెలు ఎక్కించి, ఒక నెలపాటు అనవసరంగా మోగినవాటిని సరిదిద్దుకోవచ్చు. ఖరీఫ్ పంటల ఈ-క్రాప్ నమోదుకు రైతులు సచివాలయాల ముందు నిలబడే నాటికి జిల్లాలో కనీసం సబ్‌స్టేషన్ స్విచ్‌లైనా తమ బాగోగులు పక్క గదిలోని ఆపరేటర్‌కు చెప్పుకునే స్థితిలో ఉంటాయి. రెండు జిల్లాల కలెక్టర్లు, విద్యుత్ పంపిణీ సంస్థ, ఫైబర్‌నెట్ అధికారులు ఒక పూట కూర్చుంటే ఈ ఉత్తర్వు తయారవుతుంది.